తుపాకీ చేతిలో ఉంటే భద్రమేనా? ఆళ్లగడ్డ ఫ్యాక్షన్ నుంచి అమెరికా కాల్పుల దాకా.. లెక్కలు చెబుతున్నదేంటి?

పాతకక్షల గడ్డపై గన్ లైసెన్స్ రక్షణ కోసమా? హోదా కోసమా? వంద మందికి 120 తుపాకులున్న దేశంలో మన పిల్లలు ఎంతవరకు క్షేమం? స్పెషల్ అనాలసిస్..

నంద్యాల: ఎన్నికల షెడ్యూల్ వచ్చిందంటే చాలు.. నంద్యాల, ఆళ్లగడ్డ పోలీస్ స్టేషన్లలో ఓ సీన్ కామన్‌గా కనిపిస్తుంది. లైసెన్స్ తుపాకులున్నవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి వాటిని డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని వెళ్తారు. ఫలితాలు వచ్చాక మళ్లీ వచ్చి తీసుకెళ్తారు. బ్యాంకు సెక్యూరిటీ గార్డుల్లాంటి కొందరికి తప్ప ఎవరికీ పెద్దగా మినహాయింపు ఉండదు. ఏళ్ల తరబడి నడుస్తున్న తంతు కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు.

కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే ఇందులో ఓ తిరకాసు ఉంది. ప్రాణహాని ఉందని చెప్పి తీసుకున్నదే కదా ఆ తుపాకీ! మరి ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ ఉండే టైమ్‌లోనే దాన్ని ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారు? సమాధానం సింపుల్. గొడవ ముదిరే టైమ్‌లో తుపాకీ ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని ప్రభుత్వానికి తెలుసు. ప్రపంచమంతా దశాబ్దాలుగా వాదించుకుంటున్న విషయాన్ని మన పోలీసులు ప్రతి ఎన్నికకూ ఓ రసీదు పుస్తకంతో తేల్చేస్తున్నారన్నమాట.

మరి మిగతా నాలుగున్నరేళ్ల సంగతేంటి? అసలు ప్రశ్న అదే.

కొడవళ్లు, బాంబులే ఎక్కువ.. తుపాకీ తక్కువే

రాయలసీమ ఫ్యాక్షన్ అనగానే బయటివాళ్లకు సినిమాలు గుర్తొస్తాయి. సుమోలు గాల్లోకి లేవడం, హీరో తొడగొట్టడం.. ఇదే సీమ అనుకుంటారు. ఆళ్లగడ్డ అంటే అద్భుతమైన శిల్పాలు చెక్కే ఊరని, నంద్యాల అంటే సోనా మసూరి బియ్యానికి, విత్తన వ్యాపారానికి పేరున్న పట్టణమని చాలామందికి తెలియదు. 1991 ఉపఎన్నికలో పీవీ నరసింహారావును 5.8 లక్షల ఓట్ల రికార్డు మెజార్టీతో లోక్‌సభకు పంపింది కూడా ఈ నంద్యాలే.

అలాగని ఫ్యాక్షన్ అంతా కట్టుకథ అనీ చెప్పలేం. ఈ ప్రాంతంలో కక్షలకు బలైన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే ఆ హత్యల్లో ఎక్కువగా వాడింది వేటకొడవళ్లు, నాటుబాంబులే. తుపాకీ వాటా తక్కువ. కారణాలు కూడా స్థానికమైనవే. కొడవలి కమ్మరి కొలిమిలో తయారవుతుంది. నాటుబాంబు ఊరి చివర దిబ్బల్లో చుట్టేస్తారు. దేనికీ లైసెన్స్ అక్కర్లేదు, నంబర్ ఉండదు. తుపాకీకి నంబర్ ఉంటుంది. తూటాకు లెక్క ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో దొరికిపోతుంది.

ఇక్కడే కొందరు ఓ పాయింట్ లేవనెత్తుతారు. 'చూశారా, తుపాకీ లేకున్నా మనుషులు చంపుకున్నారు. అంటే తప్పు ఆయుధానిది కాదు, మనిషిది' అని. అమెరికాలో తుపాకీ సమర్థకులు చెప్పే మాట కూడా అచ్చం ఇదే. వినడానికి కరెక్టే అనిపిస్తుంది. కానీ కొంచెం లోతుకు వెళ్తే లెక్క తేడా కొడుతుంది.

కొడవలితో మనిషిని చంపాలంటే దగ్గరికి వెళ్లాలి. అవతల మనిషికి పది మంది అనుచరులుంటే ఇరవై మందిని పోగేయాలి. దారి కాయాలి. బాంబులు సిద్ధం చేసుకోవాలి. అంటే రోజులు, నెలలు పడుతుంది. ఈలోపు సమాచారం బయటికి పొక్కొచ్చు. పెద్దమనుషులు అడ్డుపడొచ్చు. పోలీసులు పికెట్ పెట్టొచ్చు. కొన్నిసార్లు కోపమే చల్లారిపోవచ్చు. తుపాకీ ఈ అడ్డంకులన్నిటినీ ఒక్కసారిగా తీసిపారేస్తుంది. ఒక్క మనిషి, ఒక్క నిమిషం చాలు.

గన్‌మన్లున్నా ఆగని తూటా

సీమ చరిత్రలో తుపాకీ పేలిన సందర్భాలు తక్కువే అయినా, పేలిన ప్రతిసారీ ఈ తేడా స్పష్టంగా కనిపించింది.

పరిటాల రవి విషయమే తీసుకుందాం. 1997 నవంబరులో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఆయన లక్ష్యంగా కారుబాంబు పేలింది. 26 మంది అమాయకులు చనిపోయారు. రవి మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు. ఏడేళ్ల తర్వాత, 2005 జనవరి 24న, అనంతపురం టీడీపీ ఆఫీసులో పట్టపగలు ఆయన్ను కాల్చి చంపారు. చుట్టూ మనుషులున్నారు, అంగరక్షకులున్నారు. అయినా దగ్గరికొచ్చి పేల్చిన తూటాను ఎవరూ ఆపలేకపోయారు.

ఆయన ప్రత్యర్థిగా పేరున్న మద్దెలచెరువు సూరి కథ ఇంకోలా ముగిసింది. 2011 జనవరి 3న హైదరాబాద్‌లో కారులో వెళ్తుండగా తూటాకు బలయ్యారు. కాల్చింది శత్రువర్గం కాదు. పక్కనే తిరిగిన అనుచరుడు భానుకిరణ్. 2018 డిసెంబరులో కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. అంటే రక్షణ కోసం దగ్గర పెట్టుకున్న మనిషి, దగ్గర ఉన్న ఆయుధం.. ఆ రెండే ప్రాణం తీశాయి.

ఇక నంద్యాల. భూమా నాగిరెడ్డి మరణంతో 2017 ఆగస్టు 23న ఇక్కడ ఉపఎన్నిక జరిగింది. రాష్ట్రమంతా ఈ ఒక్క సీటు వైపే చూసింది. పోలింగ్ ప్రశాంతంగా ముగిసిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారో లేదో.. మరుసటి రోజే పట్టణంలో టీడీపీ, వైసీపీ వర్గీయులు ఎదురుపడ్డారు. మాటామాటా పెరిగింది. ఓ నేత వెంట ఉన్న గన్‌మన్ తుపాకీ పేలింది. తమ నేతను చంపడానికే కాల్చారని వైసీపీ, ఆత్మరక్షణ కోసమే కాల్చారని టీడీపీ ఆరోపణలు గుప్పించుకున్నాయి. అదృష్టవశాత్తూ ప్రాణాలు పోలేదు. రెండు వాదనల్లో ఏది నిజమన్నది పక్కన పెడితే.. ఒక్క విషయం మాత్రం క్లియర్. రోడ్డుమీద రెండు వర్గాలు తోపులాడుకునే చోట, తుపాకీ ఉన్నప్పుడు గొడవ స్థాయి సెకన్లలో మారిపోయింది.

క్షణికావేశం.. లైసెన్స్ తుపాకీ

'ఫ్యాక్షన్ వేరు, మామూలు జనం వేరు. లైసెన్స్ ఉన్నవాళ్లు బాధ్యతగానే ఉంటారు' అనే వాదన కూడా ఉంది. చాలామంది విషయంలో అది నిజమే. తీసుకున్న తుపాకీని బీరువాలోంచి బయటికి తీయనివాళ్లే ఎక్కువ. కానీ తెలుగు రాష్ట్రాల్లో జరిగిన రెండు ఘటనలు చూడండి.

2020 డిసెంబరు, ఆదిలాబాద్. పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పెద్దల దాకా వెళ్లింది. మున్సిపల్ మాజీ వైస్ చైర్మన్ ఒకరు ఓ చేత్తో కత్తి, మరో చేత్తో లైసెన్స్ తుపాకీ పట్టుకుని రోడ్డుపైకి వచ్చాడు. కాల్పుల్లో గాయపడినవారిలో ఒకరు ఆ తర్వాత చికిత్స పొందుతూ చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు నిందితుడికి యావజ్జీవ శిక్ష విధించింది.

2023 మార్చి 28, పులివెందుల. డబ్బుల విషయంలో గొడవ. ఓ వ్యక్తి ఇంట్లోంచి తుపాకీ తెచ్చి ఇద్దరిపై కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. ఒకరు గాయపడ్డారు. అది కూడా లైసెన్స్ ఉన్న తుపాకీయే. అసలు అతనికి లైసెన్స్ ఎలా ఇచ్చారన్న ప్రశ్న అప్పట్లో గట్టిగానే వినిపించింది.

రెండుచోట్లా ప్లాన్ లేదు, ముఠా లేదు. అప్పు గొడవ, పిల్లల గొడవ. ఇలాంటివి మన వీధుల్లో రోజూ జరుగుతాయి. రెండు దెబ్బలు, నాలుగు తిట్లు, ఓ పంచాయితీతో తెగిపోతాయి. తుపాకీ చేతికందింది కాబట్టి ఈ రెండూ తెగలేదు.

లైసెన్స్ ఎవరికి ఇస్తారు?

మన దేశంలో తుపాకీ పౌరుడి హక్కు కాదు. ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నిబంధనలు దీనికి ఆధారం. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్లు ఉన్నచోట పోలీస్ కమిషనర్ లైసెన్స్ ఇస్తారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక, ఆళ్లగడ్డ వాసుల దరఖాస్తులు కర్నూలుకు కాకుండా నంద్యాల కలెక్టరేట్‌కే వెళ్తున్నాయి.

రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

- మామూలుగా 21 ఏళ్లు నిండాలి. మానసిక ఆరోగ్యం బాగుండాలి.
- దరఖాస్తుపై పోలీసుల విచారణ రిపోర్టు తప్పనిసరి.
- హింసకు సంబంధించిన కేసులో శిక్ష పడితే, శిక్ష ముగిశాక ఐదేళ్ల దాకా అనర్హత.
- శాంతిభద్రతల బాండు కింద, అంటే బైండోవర్‌లో ఉన్నవాళ్లకు ఆ గడువు పూర్తయ్యే దాకా ఆయుధం ఉండకూడదు.
- 2019 సవరణతో ఒక్కరి దగ్గర ఉండాల్సిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.
- పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్పులు జరిపి జనం ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇందులో బైండోవర్ రూల్ సీమకు చాలా కీలకం. ఫ్యాక్షన్ గ్రామాల్లో ఎన్నికలకు ముందు ఇరువర్గాలను బైండోవర్ చేయడం మామూలే. చట్టాన్ని అక్షరాలా అమలు చేస్తే, తుపాకీ అవసరం ఉందని చెప్పేవాళ్లలో చాలామందికి అసలు అర్హతే ఉండదు.

అసలు చిక్కుముడి ఇదీ..

సమస్యంతా ఇక్కడే ఉంది. పాతకక్షలున్న ఊళ్లో ఎవరికి ప్రాణహాని ఎక్కువ? ఎదుటివర్గంతో కేసులున్నవాడికే. మరి ఎవరి చేతిలో తుపాకీ ఉంటే ఎదుటివాళ్లకు ప్రమాదం? అదీ అతని నుంచే. ఒకే మనిషి బాధితుడు కావచ్చు, నిందితుడూ కావచ్చు. ఒక వర్గానికి లైసెన్స్ ఇస్తే రెండో వర్గం క్యూలో నిలబడుతుంది. అధికారం మారితే లైసెన్సుల జాబితా మారుతుందేమోనన్న అనుమానం జనంలో పుడుతుంది. గన్‌మన్ల విషయంలోనూ ఇదే. వన్ ప్లస్ వన్, టూ ప్లస్ టూ అనేవి భద్రత కంటే హోదాకు గుర్తుగా మారిపోయాయి. గన్‌మన్లను తగ్గిస్తే రాజకీయ కక్ష అంటారు. ఇస్తే ఎదుటివాళ్లు మాకేదీ అంటారు. 2019 జనవరిలో అప్పటి మంత్రి భూమా అఖిలప్రియ, ఆళ్లగడ్డలో తన అనుచరుల ఇళ్లలో పోలీసులు సోదాలు చేశారని అలిగి, తన గన్‌మన్లను వెనక్కి పంపేసిన సంగతి గుర్తుందిగా! గన్‌మన్ అనేది భద్రతే కాదు, ఓ రాజకీయ సందేశం కూడా.

ఇందుకు రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. 2017 మే 21న పత్తికొండ వైసీపీ ఇన్‌చార్జి చెరుకులపాడు నారాయణరెడ్డి హత్యకు గురయ్యారు. ఆయన తుపాకీ లైసెన్స్ రెన్యువల్ కాలేదని, ఆయుధం చేతిలో లేని టైమ్ చూసి దాడి చేశారని అప్పట్లో ఆ పార్టీ నేతలు ఆరోపించారు. చేతిలో తుపాకీ ఉండి ఉంటే బతికేవారేమో అన్న బాధ ఆయన అభిమానుల్లో ఇప్పటికీ ఉంది. ఆ బాధను తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే ఆయన కారును వాహనాలతో అడ్డగించి గుంపుగా విరుచుకుపడ్డారు. అలాంటి దాడిలో కారులో కూర్చున్న మనిషి దగ్గర ఒక రివాల్వర్ ఎంతసేపు నిలబడుతుంది? 2024 మేలో పోలింగ్ ముగిసిన మరుసటి రోజు రాత్రి ఆళ్లగడ్డలో అఖిలప్రియ అంగరక్షకుడిపై దాడి జరిగింది. వేగంగా వచ్చిన కారుతో ఢీకొట్టి, ఆ తర్వాత ఆయుధాలతో దాడి చేశారు. సీసీ కెమెరా దృశ్యాలు చూసినవాళ్లకు తెలుసు. అది క్షణాల్లో అయిపోయింది. మాటు వేసి చేసే దాడిలో మొదటి దెబ్బ ఎప్పుడూ దాడి చేసేవాడిదే. నడుముకున్న తుపాకీ బయటికి తీసే టైమే దొరకదు.

ప్రపంచంలో ఎవరి దగ్గర ఎన్ని?

ఇప్పుడు బయటి లెక్కలపై ఓ లుక్కేద్దాం. స్విట్జర్లాండ్‌కు చెందిన స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో విడుదల చేసిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సామాన్య పౌరుల దగ్గర 85.7 కోట్ల తుపాకులున్నాయి. వంద మందికి ఎన్ని అన్నది చూస్తే..

- అమెరికా: 120.5
- యెమెన్: 52.8
- కెనడా: 34.7
- స్విట్జర్లాండ్: 27.6
- పాకిస్తాన్: 22.3
- ఆస్ట్రేలియా: 14.5
- భారత్: 5.3
- జపాన్: 0.3

మొత్తం సంఖ్యలో చూస్తే మాత్రం అమెరికా (39.3 కోట్లు) తర్వాత రెండో స్థానం మనదే. 7.1 కోట్లు! షాకింగ్‌గా ఉంది కదూ. ఇక్కడో లెక్క చూడండి. కేంద్ర హోంశాఖ వివరాల ప్రకారం 2016 చివరి నాటికి దేశంలో ఉన్న గన్ లైసెన్సులు 33.69 లక్షలు. అందులో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. ఒక్కో లైసెన్సుపై అప్పటి గరిష్ఠ పరిమితి ప్రకారం మూడేసి తుపాకులున్నాయనుకున్నా కోటి దగ్గరే ఆగిపోతుంది. మరి మిగతావి? నాటు తుపాకులు, తపంచాలు, దొంగ తుపాకులే. దేశంలో జరిగే తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్స్ లేని ఆయుధాలతోనే జరుగుతున్నాయి. బీహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల తయారైన తుపాకులు రాష్ట్రాలు దాటి తిరుగుతుంటాయి.

కాబట్టి లైసెన్సులు కట్టుదిట్టం చేస్తే సగం పనే అయినట్టు. దొంగ తుపాకీ దారి మూసేయడం మిగతా సగం. అక్రమంగా ఆయుధాలు తయారుచేసినా, అమ్మినా కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడేలా 2019లో చట్టాన్ని మార్చింది ఇందుకే.

అమెరికాలో మన పిల్లలు..

నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి కూడా పిల్లలు ఎమ్మెస్‌లు చేయడానికి, ఉద్యోగాలకు అమెరికా వెళ్తున్నారు. కొడవలి సంస్కృతికి దూరంగా పెంచాలని పట్నాలకు పంపి చదివించిన తల్లిదండ్రులు, ఇప్పుడు అర్ధరాత్రి 'అక్కడ మళ్లీ కాల్పులంట' అని ఫోన్లు చేయాల్సిన పరిస్థితి.

2017 ఫిబ్రవరి 22ను తెలుగువాళ్లు మర్చిపోలేరు. కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలోని ఓ బార్‌లో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతివిద్వేషంతో కాల్చి చంపారు. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. హంతకుడు మొదట గొడవ పెట్టుకున్నాడు. అతన్ని బయటికి పంపేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చాడు. విద్వేషం అన్ని దేశాల్లోనూ ఉంటుంది. గెంటేసిన మనిషి కాసేపట్లో తుపాకీతో తిరిగి రాగలిగే వీలు మాత్రం అన్ని దేశాల్లో ఉండదు. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ తర్వాత 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్‌లో ఓ మాల్‌లో జరిగిన కాల్పుల్లో 8 మంది చనిపోయారు. వారిలో తెలంగాణకు చెందిన యువ ఇంజినీర్ కూడా ఉన్నారు. షాపింగ్‌కు వెళ్లడమే ఆమె చేసిన పని.

1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ అక్కడ ఆయుధాన్ని హక్కుగా గుర్తించింది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో, ఆ హక్కు ఇంటి బయట కూడా వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ప్రతి ఘటన తర్వాత కొవ్వొత్తులు వెలుగుతాయి కానీ చట్టం పెద్దగా మారదు. 2023లో అమెరికాలో తుపాకుల వల్ల చనిపోయినవారు 46,728 మంది. అంటే రోజుకు సగటున 128 మంది!

ఎక్కువ మరణాలు హత్యలు కావు!

ఈ లెక్కలో చాలామందికి తెలియని కోణం ఒకటుంది. ఆ 46,728లో హత్యలు దాదాపు 17,900. ఆత్మహత్యలు 27,300. అంటే సగానికి పైగా జనం తుపాకీని తమపైనే ఎక్కుపెట్టుకున్నారు.

ఇది సీమ రైతు కుటుంబాలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంట్లో పురుగుమందు డబ్బా అందుబాటులో ఉంటే ఏమవుతుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. అప్పు బాధ, అవమానం, ఇంట్లో గొడవ.. ఆ క్షణం దాటితే బతికేవాడు. డబ్బా చేతికందింది కాబట్టి పోయాడు. శ్రీలంకలో ప్రాణాంతకమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వస్తే ఆత్మహత్యలు భారీగా తగ్గాయి. అక్కడి జనం కష్టాలు ఒక్కసారిగా తీరిపోలేదు. చావు చేతికందే దూరంలో లేకుండా పోయింది, అంతే. తుపాకీ విషయంలోనూ ఇదే సూత్రం. పైగా పురుగుమందు తాగినవాడిని ఆస్పత్రికి తీసుకెళ్లే టైమ్ అయినా ఉంటుంది. తూటా ఆ అవకాశం కూడా ఇవ్వదు.

మార్చుకున్న దేశాలు ఏం చేశాయి?

1996 మార్చిలో బ్రిటన్‌లోని డన్‌బ్లేన్ స్కూల్లో 16 మంది చిన్నారులు, ఓ టీచర్ కాల్పులకు బలయ్యారు. మరుసటి ఏడాదే అక్కడ చేతి తుపాకులపై నిషేధం వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయారు. ప్రభుత్వం డబ్బులిచ్చి మరీ ఆరున్నర లక్షల తుపాకులను జనం నుంచి వెనక్కి తీసుకుని నాశనం చేసింది. అక్కడ లైసెన్స్ కావాలంటే సరైన కారణం చూపాలి. ఆత్మరక్షణ అన్న మాటను కారణంగా ఒప్పుకోరు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని కాల్చి చంపితే, నెల తిరగకుండానే సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించారు.

జపాన్‌లో తుపాకీ కావాలంటే క్లాసులకు వెళ్లాలి, పరీక్ష రాయాలి, షూటింగ్ టెస్ట్ పాసవ్వాలి, మానసిక పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఎక్కడ దాస్తారో పోలీసులు చూస్తారు. 2022 జులై 8న మాజీ ప్రధాని షింజో అబేను చంపిన వ్యక్తి వాడింది కూడా కొన్న తుపాకీ కాదు. సొంతంగా తయారుచేసుకున్నది. 'చూశారా, ఎన్ని చట్టాలున్నా ఆగలేదు' అని కొందరన్నారు. నిజమే, ఒక్కరు ఆగలేదు. కానీ తుపాకీ కోసం ఆ హంతకుడు నెలల తరబడి పడిన తిప్పలే మిగతా ఎంతమందిని ఆపుతున్నాయో చెబుతున్నాయి.

స్విట్జర్లాండ్ సంగతేంటి అని అడగొచ్చు. అక్కడ తుపాకులు ఎక్కువే, హత్యలు తక్కువే. అందులో చాలా భాగం సైనిక శిక్షణతో ముడిపడిన ఆయుధాలు. తర్ఫీదు, రిజిస్టర్, నిఘా ఉంటాయి. తుపాకుల సంఖ్యతో పాటు అవి ఎవరి చేతికి, ఏ పద్ధతిలో వెళ్తున్నాయన్నది కూడా ముఖ్యమని ఆ దేశం చెబుతోంది.

నల్లమల అంచున ఇంకో సమస్య

ఆళ్లగడ్డ, రుద్రవరం వైపు నల్లమలను ఆనుకుని ఉన్న పొలాల్లో మాట్లాడితే తుపాకీ గురించి ఇంకో మాట వినిపిస్తుంది. 'అడవిపందులు పంటను నాశనం చేస్తుంటే మేమేం చేయాలి?' అని. రైతు అడిగేదాంట్లో న్యాయముంది. పంట రక్షణకు నాటు తరహా మజిల్ లోడింగ్ తుపాకీకి లైసెన్స్ ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది కూడా. కానీ అది పులుల అభయారణ్యం అంచు. పంట కోసమని తీసుకున్న తుపాకీ దుప్పి మీదికి, ఆ తర్వాత గట్టు తగాదాలో పక్కపొలం మనిషి మీదికి తిరగదన్న గ్యారంటీ ఏది? దీనికి తుపాకీ కంటే కంచెకు సబ్సిడీ, పంట నష్టానికి త్వరగా పరిహారం ఇవ్వడమే మంచి దారి. అవి సరిగా అందనప్పుడే రైతు చూపు నాటు తుపాకీ వైపు, పందుల కోసం పెట్టే నాటుబాంబుల వైపు మళ్లుతుంది. ఆ బాంబుల్ని కొరికేది పందులే కాదు, మేతకెళ్లిన ఆవులు కూడా.

ఆయుధం దించిన చరిత్ర ఈ నేలదే

ఈ ప్రాంతానికి ఆయుధంతో ఉన్న సంబంధం కొత్తది కాదు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చాక థామస్ మన్రో మొదట చేసిన పని పాలెగాళ్ల సైన్యాలను, కోటలను లేకుండా చేయడమే. ఆ కడుపుమంటలోంచే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. ఆయుధం అంటే ఇక్కడి జనానికి పరువు, ధిక్కారం, రోషం. అది అర్థం చేసుకోకుండా చట్టాలు మాత్రమే చెబితే ఎవరికీ ఎక్కదు.

కానీ నరసింహారెడ్డి ఆయుధం పట్టింది పరాయి ప్రభుత్వం మీద. తర్వాతి తరాల్లో ఆ కొడవలి పక్కింటి మీదికి తిరిగింది. మళ్లీ దాన్ని దించింది కూడా ఇక్కడి జనమే. గ్రామాల్లో పోలీసు నిఘా పెరిగింది, కోర్టు శిక్షలు పడ్డాయి, నిజమే. వాటికంటే ఎక్కువగా, మా పిల్లలు ఈ ఊబిలో దిగకూడదని గట్టిగా అనుకున్న తల్లులున్నారు. పొలాలు అమ్మి కేసులకు పెట్టడం ఆపి, ఫీజులకు కట్టిన తండ్రులున్నారు. ఏ తుపాకీ లైసెన్సూ తేలేని ప్రశాంతతను వాళ్లు తెచ్చారు.

ఇప్పుడు ఏం చేయాలి?

మూడు పనులు వెంటనే చేయొచ్చు. ఒకటి, ప్రతి రెన్యువల్ సమయంలో ముప్పు ఇంకా ఉందా, కొత్త కేసులేమైనా నమోదయ్యాయా అన్నది నిజంగా పరిశీలించాలి. ఐదేళ్లకోసారి సంతకంతో సరిపెట్టకూడదు. రెండు, గృహహింస, బెదిరింపులు, మద్యం మత్తులో గొడవల కేసు నమోదైన రోజే ఆ ఇంట్లో లైసెన్స్ తుపాకీ ఉందేమో చూసి డిపాజిట్ చేయించాలి. లైసెన్సును సస్పెండ్ చేసే అధికారం చట్టం ఇప్పటికే ఇచ్చింది. మూడు, నిజంగా ప్రాణహాని ఉన్నవాళ్లకు పార్టీ చూడకుండా పోలీసు రక్షణ ఇవ్వాలి. ఆ నమ్మకం లేనప్పుడే మనిషి సొంత తుపాకీ వెతుక్కుంటాడు.

ఎన్నికల వేళ స్టేషన్లో తుపాకీ అప్పజెప్పి రసీదు తీసుకున్న పెద్దమనిషి ఆ రెండు నెలలూ మామూలుగానే తిరుగుతాడు. పెళ్లిళ్లకు వెళ్తాడు, పొలం చూసుకుంటాడు, సాయంత్రం అరుగు మీద కూర్చుంటాడు. రెండు నెలలు తుపాకీ లేకుండా గడిచిపోయాయంటే, రసీదు ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకునే ముందు ఒక్కసారి తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఇది నిజంగా నాకు అవసరమా? ఇంట్లో వాళ్లనూ ఓ మాట అడిగితే ఇంకా మంచిది.